పాత రిమోట్ల మీద నిషేధం కాదు, పొలం గట్టున ఒక బోర్డు కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ జిల్లా పేజీలో డ్రోన్ల గురించి వేసిన కథనం చదివాను. పెళ్లిళ్ల దగ్గర, తీర్థాల దగ్గర అడ్డూ అదుపూ లేకుండా ఎగరేస్తున్నారని రాశారు. నిజమే, దానితో నాకు పేచీ లేదు. కానీ అదే కథనం చివర్లో, ముప్పై నలభై ఏళ్ల కిందటి రిమోట్లతో బొమ్మ విమానాలు ఎగరేసేవాళ్లూ ఈ కోవలోకే వస్తారు, ఆ సెట్లు ప్రమాదకరం, పట్టుకుని సీజ్ చేయాలి అని రెండు వాక్యాలు తగిలించారు. ఈ ఉత్తరం ఆ రెండు వాక్యాల గురించే. పొడుగైందనిపిస్తే కత్తిరించుకోండి గానీ అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు వేయండి, ఈ వ్యవహారంలో అంకె తారుమారైతే విమానం కింద పడుతుంది.

నేను రాజోలు వైపు రేడియోలు, టేప్‌రికార్డర్లు, ఆ తర్వాత టీవీలు బాగుచేసుకుంటూ బతికినవాణ్ని. మా ప్రాంతం సంగతి మీకు చెప్పక్కర్లేదు, ఏ వీధిలో చూసినా కువైట్లోనో దుబాయ్‌లోనో మస్కట్లోనో ఉన్నవాళ్లు ఉంటారు. సెలవుకి వచ్చేటప్పుడు టేప్‌రికార్డరు, సెంటు సీసాలు, దుప్పట్లు తెచ్చేవాళ్లు. వాటి మధ్యలో ఎవరో ఒకరు, పిల్లాడి కోసమని పైకి చెప్పి నిజానికి తన సరదా కోసం, ఫుటాబా, సాన్వా లాంటి కంపెనీల రిమోట్ విమానం సెట్టు పెట్టుకొచ్చేవాళ్లు. విమానం కొన్నాళ్లకే ఏ కొబ్బరిచెట్టుకో తగులుకుని ముక్కలయ్యేది, రిమోట్ మాత్రం అట్టపెట్టెతో సహా బీరువా మీద ఉండిపోయేది. ఇప్పుడవి ఒక్కొక్కటే దిగుతున్నాయి. మనవలు పట్టుకొచ్చి, "ఇది పనిచేస్తుందాండీ, తాతయ్య పారేయమంటున్నారు" అని నా బల్ల మీద పెడుతున్నారు. చాలావరకు పనిచేస్తాయి. అందుకే మీ రెండు వాక్యాలు నాకు గుచ్చుకున్నాయి.

ముందు డ్రోనూ ఇదీ ఒకటి కాదని చెప్పాలి. మీరు రాసిన నాలుగు రెక్కల డ్రోనులో కెమెరా ఉంటుంది, జీపీఎస్ ఉంటుంది, చెయ్యి వదిలేస్తే గాల్లో అక్కడే నిలబడుతుంది, సిగ్నల్ పోతే బయల్దేరిన చోటికి తనే వచ్చేస్తుంది. పాత రిమోట్‌తో ఎగిరే మోడల్‌కి ఇవేవీ ఉండవు. కెమెరా లేదు, పక్కింటి డాబా మీదికి తొంగిచూడటానికి కళ్లే లేవు. ఎగరేసేవాడు క్షణం కళ్లు తిప్పితే అది ఏ చేలోనో ముక్కు గుచ్చుకుంటుంది. చట్టం కూడా ఈ తేడాని గుర్తించింది. 2021 ఆగస్టు 25న కేంద్రం తెచ్చిన డ్రోన్ నిబంధనల్లో మోడల్ విమానాలకు విడిగా నిర్వచనమే ఉంది: 25 కిలోలు మించకూడదు, చదువు, పరిశోధన, డిజైన్, పరీక్ష, సరదా వీటికే వాడాలి, కంటికి కనిపించే దూరంలోనే ఎగరాలి. డ్రోన్ మోడళ్లకి తీసుకోవాల్సిన టైప్ సర్టిఫికెట్ అనే ఆమోదపత్రం వీటికి అక్కర్లేదని కూడా రాశారు. అలాగని పూర్తిగా వదిలేశారని కాదు. ఎక్కడ ఎగరొచ్చో చెప్పే డిజిటల్ స్కై మ్యాపు మాకూ వర్తిస్తుంది. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో కూడా 120 మీటర్లు దాటి పైకి వెళ్లకూడదు. మధురపూడి విమానాశ్రయం చుట్టుపక్కల ఉన్నవాళ్లు మ్యాపు చూడకుండా స్విచ్ మీద చెయ్యి వేయనే కూడదు. మా కోనసీమలో విమానాశ్రయం లేదు గానీ గ్యాస్ బావులూ, పైపులైన్లూ ఉన్నాయి. వాటి దాపుల్లో ఎగరేస్తానన్నవాడికి నేనైతే సెట్టు బాగుచేసి ఇవ్వను.

ఇక ప్రమాదం సంగతి. ప్రమాదం లేదని నేను అనడం లేదు. ఉంది, కానీ అది మీరు రాసిన చోట లేదు.

పాత సెట్టు పనితీరు ఇది. మీరు స్టిక్ కదిపితే దాని కింద ఉన్న పొటెన్షియోమీటర్ తిరుగుతుంది, అంటే రేడియోలో వాల్యూం కంట్రోల్ లాంటిదే. దాని స్థానాన్ని బట్టి ఒక పల్స్ పొడవు మారుతుంది. స్టిక్ నడిమధ్యలో ఉంటే 1.5 మిల్లీసెకన్లు, ఒక కొసకి నెడితే 1 దగ్గరికి, రెండో కొసకి నెడితే 2 దగ్గరికి. విమానం ముక్కుని పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్‌కి ఒకటి, పక్కలకి తిప్పే రడ్డర్‌కి ఒకటి, ఇంజన్‌కి ఒకటి, ఇలా అన్ని ఛానళ్ల పల్సులూ వరసగా వెళ్తాయి, మొత్తం వరస దాదాపు 20 మిల్లీసెకన్లకోసారి, అంటే సెకనుకి యాభైసార్లు మళ్లీ మొదలవుతుంది. విమానంలో ఉన్న రిసీవర్ ఆ వరసని విడదీసి ఏ పల్సు ఏ సర్వోకో పంచుతుంది, సర్వో అంటే ఆ భాగాలని కదిపే చిన్న మోటారు. అంతే, ఇందులో పేరూ ఊరూ ఏమీ ఉండదు. ఈ పల్సులు పంపింది నా యజమానా, పక్కవాడా అని రిసీవర్‌కి తెలిసే దారి లేదు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు ఆన్ చేస్తే ఒకే పందిట్లో రెండు మైకులు అరిచినట్టే. సర్వోలు గిజగిజలాడతాయి, విమానం ఎవరి మాటా వినకుండా పడిపోతుంది. పడేది వట్టి చేలో అయితే పర్లేదు, గట్టు మీద నిలబడి చూస్తున్న పిల్లల మీద పడితేనే కదా మీరు రాసిన ప్రమాదం.

కొత్త 2.4 గిగాహెర్ట్జ్ సెట్లలో ఈ బాధ దాదాపు లేదు. రిసీవర్‌ని ముందే ఆ ట్రాన్స్‌మిటర్‌కి బైండ్ చేస్తారు, అంటే జతకడతారు, దాని కోడ్ తప్ప ఇంకొకరి మాట వినదు, ఒకే పొలంలో పదిమంది ఆన్ చేసినా ఎవరి విమానం వాళ్లది. 2005, 2006 ప్రాంతంలో స్పెక్ట్రమ్ కంపెనీ డీఎక్స్6, డీఎక్స్7 సెట్లు దింపాక ప్రపంచమంతా చకచకా అటు మళ్లింది. మంచిదే. నేనూ బరువైన మోడల్‌కి ఆ కొత్త సెట్టే వాడతాను. రెండు కిలోల విమానాన్ని పాత 27 మెగాహెర్ట్జ్ సెట్టు మీద లేపుతానని ఎవరైనా వస్తే మొదట అడ్డుపడేది నేనే.

కానీ 2.4 రాకముందు అరవైల నుంచి నలభై ఏళ్లపాటు ఇదే పల్సుల పద్ధతిలో ప్రపంచంలో లక్షలమంది ఎగరేశారు కదా, వాళ్లందరి విమానాలూ రోజూ జనం మీద పడ్డాయా? పడలేదు. ఎందుకంటే గ్రౌండులోకి అడుగుపెట్టగానే ఒక చెక్క బోర్డు ఉండేది. బోర్డు మీద ఫ్రీక్వెన్సీలు రాసి ఉండేవి, ఒక్కోదానికి ఒక క్లిప్పు. బట్టలారేసే క్లిప్పే. నీ ఫ్రీక్వెన్సీ క్లిప్పు బోర్డు మీద ఉంటే తీసుకుని నీ యాంటెన్నాకి తగిలించుకో, ఆన్ చెయ్. క్లిప్పు లేదంటే ఎవరో ఎగరేస్తున్నట్టు, వాళ్లు దింపేదాకా సెట్టు ముట్టుకోకు. అది తెచ్చి మళ్లీ బోర్డుకి పెట్టాకే నీ వంతు. ఇంతకంటే పెద్ద సెక్యూరిటీ ఏమీ లేదు.

27 మెగాహెర్ట్జ్‌లో అయితే దీనికి రంగులు కూడా ఉన్నాయి. 26.995 గోధుమ రంగు, 27.045 ఎరుపు, 27.095 నారింజ, 27.145 పసుపు, 27.195 ఆకుపచ్చ, 27.255 నీలం. యాంటెన్నా చివర ఆ రంగు గుడ్డపీలిక కట్టుకుంటే చదువు రానివాడికి కూడా దూరం నుంచే తెలుస్తుంది ఎవరు ఎక్కడున్నారో. మన దగ్గర ఆ బోర్డూ లేదు, పీలికా లేదు. ఒక కుర్రాడు ఈ గట్టున, ఇంకో కుర్రాడు ఆ పుంత అవతల, ఒకరికొకరు కనపడరు, ఇద్దరివీ పసుపే. పడిపోయిన తర్వాత ఇద్దరూ సెట్టు పాడైందని నా దగ్గరికి వస్తారు. సెట్టు శుభ్రంగా ఉంటుంది. పాపం ఆ పిల్లల తప్పు కూడా కాదు, బోర్డు అనేదొకటి ఉంటుందని వాళ్లకి చెప్పినవాళ్లు లేరు, వాళ్లు చూసిన వీడియోలన్నీ 2.4 వాళ్లవి.

ఇంకో సంగతి. తీర్థాల్లో బొమ్మల దుకాణాల దగ్గర అమ్మే చౌక రిమోట్ కార్లలో కొన్ని ఈ 27 మీదే పనిచేస్తాయి. వాటి శక్తి తక్కువే గానీ విమానం ఆ కారు ఆడించే పిల్లాడి నెత్తిమీదికి వెళ్లినప్పుడు దానికి నా సెట్టు దూరం, ఆ బొమ్మ దగ్గర. కాబట్టి కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంటే ఆ దరిదాపుల్లో ఎవరూ మోడల్ ఎగరేయకూడదు, అంత జనం మీద అసలు ఏదీ ఎగరేయకూడదనుకోండి, అది వేరే మాట.

ఇప్పుడు చట్టం దగ్గరికొస్తాను, ఎందుకంటే మీ కథనంలో "అనుమతి లేని ఫ్రీక్వెన్సీలు" అని ఒకే ముద్దలో కలిపేశారు. మన దేశంలో 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న సిటిజన్ బ్యాండ్‌ని, 5 వాట్లు మించని తక్కువ శక్తి పరికరాలకు, లైసెన్స్ అక్కర్లేకుండా 2005లోనే వదిలిపెట్టారు. పైన నేను చెప్పిన ఆరు రంగుల ఫ్రీక్వెన్సీలనీ ఒకసారి ఆ హద్దులతో పోల్చి చూడండి. ఆరూ లోపలే ఉన్నాయి. 2.4 గిగాహెర్ట్జ్‌కి కూడా అదే ఏడాది మినహాయింపు వచ్చింది. కానీ 35, 40, 72 మెగాహెర్ట్జ్ సెట్ల సంగతి అలా కాదు. 35 యూరప్ వాళ్లు విమానాలకు వాడుకున్నది, 72 అమెరికా వాళ్లు యాభై ఛానళ్లుగా కోసుకుని వాడుకున్నది. గల్ఫ్ నుంచి వచ్చిన పెట్టెల్లో ఇవీ ఉంటాయి. 27కి ఇచ్చిన మినహాయింపు వీటికి రాదు. వీటితో ఎగరేయాలంటే ముందు కేంద్ర టెలికాం శాఖలో వైర్‌లెస్ అనుమతులు చూసే డబ్ల్యూపీసీ విభాగాన్ని అడగాల్సిందే. "ఎవరు చూడొచ్చారండీ, గోదావరి లంకలో ఎగరేసుకుంటే" అని మావాళ్లే కొందరు అంటారు. 72 అయితే కొబ్బరితోటలోంచి కూడా దూసుకుపోతుంది, 2.4 తడి ఆకులకే ఆగిపోతుంది అని ఇంకో వాదన. ఆ రెండోది భౌతికశాస్త్రం ప్రకారం కొంత నిజమే, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తడి ఆకులు సిగ్నల్‌ని ఎక్కువ మింగేస్తాయి. అయితే మాత్రం? తోట వెనక్కి పోయిన విమానం నీకు కనపడుతుందా? కనపడని విమానానికి సిగ్నల్ అంది ఏం లాభం? వీళ్లని మీరు తిట్టండి, నేనూ కలుస్తాను. కానీ వీళ్ల వంక పెట్టి నీలం పీలిక కట్టుకుని బుద్ధిగా ఎగరేసేవాడి సెట్టు సీజ్ చేయమనడం న్యాయం కాదు.

సెట్టు ఏ బ్యాండుదో తెలుసుకోవడం కష్టం కాదు. వెనకవైపో, సెట్టు ఏ ఫ్రీక్వెన్సీ మీద పనిచేయాలో నిర్ణయించే క్రిస్టల్ అనే చిన్న ముక్క పెట్టే గూటి దగ్గరో స్టిక్కర్ ఉంటుంది. పోలీసువారికి కూడా ఇదే నా మనవి, సెట్టు తీసుకునేముందు దాన్ని వెనక్కి తిప్పి చూడండి.

క్రిస్టల్ అన్నాను కాబట్టి దాని గురించి కాస్త చెప్పనివ్వండి, చాలామంది కుర్రాళ్లు తెలియక చేసే పొరపాటు అక్కడే ఉంది. నా ఈడు రేడియో మెకానిక్‌లకి 455 అనే అంకె చెబితే చాలు. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది, దాన్ని పట్టుకోవడానికి ట్రాన్సిస్టర్ లోపల ఆసిలేటర్, అంటే తనంతట తాను ఒక ఫ్రీక్వెన్సీ పుట్టించే భాగం, 1292 మీద తిరుగుతుంది, రెంటికీ తేడా 455. ఆ తేడాకి రేడియోని సరిచేసే ఐఎఫ్ డబ్బాలని పుల్లతో తిప్పి తిప్పి మా వేళ్లు అరిగాయి. ఈ విమానాల రిసీవర్లలో కూడా సింగిల్ కన్వర్షన్ అనే మామూలు రకంలో ఉన్నది అదే లెక్క, కాకపోతే ఇక్కడ ఆసిలేటర్ అంకె వచ్చే సిగ్నల్ అంకె కంటే తక్కువ ఉంటుంది. నీలం సెట్టు ట్రాన్స్‌మిటర్‌లో 27.255 క్రిస్టల్ ఉంటే దాని రిసీవర్‌లో 26.800 ఉంటుంది. తేడా 0.455. పసుపుకి అటు 27.145, ఇటు 26.690. రెండు క్రిస్టళ్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకే గూట్లో పడతాయి, ఒకదాని మీద టీఎక్స్ అనీ రెండోదాని మీద ఆర్ఎక్స్ అనీ చిన్న అక్షరాలు మాత్రమే తేడా. ఆ అక్షరాలు అరిగిపోయాక ఎవరో ఒకరు తిరగేసి పెడతారు. అప్పుడేమవుతుంది? నీలం సెట్టు 26.800 మీద పంపడం మొదలెడుతుంది. నీ విమానం కదిలిందా లేదా అన్నది పోనీయండి, 26.957 కంటే కిందికి దిగిపోయావు కాబట్టి లైసెన్స్ అక్కర్లేని హద్దు కూడా దాటేశావు. అదే సెట్టు, అదే మనిషి, వేలెడు కూడా లేని క్రిస్టల్ మారితే చట్టం లోపలున్నవాడు బయటికి పోతాడు. అందుకని అక్షరాలు అరిగిన క్రిస్టల్‌ని ఫ్రీక్వెన్సీ కౌంటర్ మీద చూసుకోకుండా పెట్టొద్దు. కౌంటర్ లేనివాళ్లు నా లాంటి ముసలి మెకానిక్‌ని వెతుక్కోండి, ప్రతి టౌన్లో ఒకడైనా మిగిలి ఉంటాడు.

యాంటెన్నా విషయంలో కూడా అంతే. 27 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం లెక్కేస్తే దాదాపు 2.75 మీటర్లు వస్తుంది. చేత్తో పట్టుకునే డబ్బాకి అంత కడ్డీ ఎవరు పెడతారు, అందుకని కాయిల్ చుట్టి పొట్టి కడ్డీకి సర్దుతారు. అది విరిగిందని పాత ఎఫ్ఎం రేడియో ఏరియల్ తెచ్చి బిగిస్తే ఆ సర్దుబాటంతా పోతుంది. రిసీవర్ తీగ వేలాడుతోందని కత్తిరించేవాళ్లున్నారు, తోక ఊగుతోందట! ఆ తీగ కొలత కూడా లెక్క ప్రకారం పెట్టిందే. ఎగరేసేటప్పుడు కడ్డీ మొన విమానం వైపు గురిపెట్టొద్దు, మొన దిక్కున సిగ్నల్ అన్నిటికంటే బలహీనం. పొద్దున్న మొదటిసారి లేపేముందు కడ్డీ మూసేసి ఇరవై ముప్పై మీటర్లు నడిచి చూడాలి, అక్కడ కూడా సర్వోలు వణక్కుండా ఆడితేనే కడ్డీ పూర్తిగా లాగి ఎగరేయాలి. సగం లాగి ఎగరేసే హీరోలకి నా దగ్గర మందు లేదు.

ఇంత బాధ పడి ఈ పాతవి ఎందుకు, కొత్తది కొనుక్కోవచ్చు కదా అని మీ విలేకరిలాగే చాలామంది అడుగుతారు. డబ్బు ఒక కారణం, తాతయ్య వస్తువు అనే ముచ్చట ఒక కారణం. నా కారణం వేరు. కొత్త సెట్టు మూత తీస్తే ఒక చిప్పు, దాని చుట్టూ గసగసాల సైజు భాగాలు, పాడైతే బోర్డు మార్చడమే, నేర్చుకోవడానికి ఏమీ లేదు. పాత సెట్టు మూత తీస్తే అన్నీ కంటికి కనపడతాయి. ఇది ఆసిలేటర్, ఇది పల్సులు తయారుచేసే భాగం, ఇది పవర్ ట్రాన్సిస్టర్, ఇది కాయిల్. ఇంజినీరింగ్ నాలుగేళ్లు చదివి టంకం పెట్టడం రాని పిల్లల్ని చూస్తున్నాను, వాళ్లని తప్పుపట్టడం లేదు, వాళ్ల చేతికి మూత తెరుచుకునే వస్తువు ఎవరూ ఇవ్వలేదు. ఇంటర్ చదివే పిల్లాడికి, పల్సుల్ని తెర మీద గీసి చూపించే ఆసిలోస్కోప్ మీద ఆ 1.5 మిల్లీసెకన్ల పల్సు చూపించి, స్టిక్ నెడుతుంటే అది సాగడం చూపిస్తే వాడి ముఖం చూడాలి మీరు. అలా మొదలైనవాడికి, ఇంట్లోంచే రేడియో మీద దూరదేశాలతో మాట్లాడుకునే హామ్ రేడియో పరీక్ష కూడా కష్టం కాదు, ఆ సర్టిఫికెట్‌కి పన్నెండేళ్లు నిండితే చాలు. 1996 నవంబర్ తుఫానులో మన దగ్గర ఫోన్లన్నీ ఎలా మూగబోయాయో చూసినవాళ్లకి, ఊరికి యాంటెన్నా కట్టడం తెలిసినవాడు ఒకడుండాలంటే అతిశయోక్తి అనిపించదు.

ఈ సరదా కూడా ఎవరో చేతకానివాళ్లు మొదలెట్టింది కాదు. 1937లో అమెరికాలో విలియం గుడ్, వాల్టర్ గుడ్ అనే కవల సోదరులు 'గఫ్' అనే మోడల్‌ని రేడియోతో ఎగరేశారు, అది ఇప్పుడు అక్కడి స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. మన దగ్గర ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరినవాళ్లకి మోడల్ విమానాలు తయారుచేయడం శిక్షణలో భాగం, రేడియో లేకుండా రెండు తీగలు పట్టుకుని చుట్టూ తిప్పే కంట్రోల్ లైన్ విమానాలు ఎగరేసినవాళ్లు మన జిల్లాల్లో చాలామందే ఉంటారు. అడిగి చూడండి, మీ ఆఫీసులోనే ఒకరు దొరకొచ్చు.

పాత డబ్బాని ఉంచుకుని లోపలి రేడియో మార్చుకునే దారి కూడా ఉంది, 35, 72 సెట్లున్నవాళ్లకి నేను చెప్పేది అదే. చాలా సెట్ల వెనక, నేర్పేవాడి సెట్టుకీ నేర్చుకునేవాడి సెట్టుకీ తీగ కలపడానికి ట్రైనర్ సాకెట్ ఉంటుంది, అందులోంచి ఆ పల్సుల వరస యథాతథంగా బయటికి వస్తుంది. దాన్ని 2.4 మాడ్యూల్‌కి ఇస్తే సరి, పాత క్రిస్టల్ తీసి పక్కన పెట్టేయొచ్చు, పొడుగు కడ్డీ అలంకారానికి మిగులుతుంది. చేతిలో పాత స్టిక్కులే, గాల్లో కొత్త రేడియో. మాడ్యూల్ కొనేటప్పుడు టెలికాం శాఖ ఇచ్చే ఈటీఏ అనుమతి ఉందో లేదో అడిగి కొనండి.

బ్యాటరీల గురించి మాత్రం నాకు నిజంగా టెన్షన్. ఈ సెట్లలో ఎనిమిది నికెల్ కాడ్మియం సెల్లులు ఉంటాయి, 9.6 వోల్టులు. ఏళ్ల తరబడి బీరువా మీద ఉన్నవి కారిపోయి ఉంటాయి, నెగెటివ్ తీగ లోపల నల్లగా మాడినట్టు తినేసి ఉంటుంది, మన ఉప్పుగాలికి ఆ తినేయడం ఇంకా తొందర. సెట్టు ఇంటికి తేగానే ఛార్జింగ్ పెట్టడం కాదు, ముందు ఆ ప్యాకు తీసేయండి. తీసిందాన్ని కాలువలో విసరొద్దు. కాడ్మియం విషం, మన ఊళ్ల మంచినీళ్ల చెరువులు నిండేది ఆ కాలువల నుంచే. దాని బదులు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు ఎనిమిది వేసుకోండి. మూడు సెల్లుల లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ, చవగ్గా దొరుకుతుందని నేరుగా పెట్టేస్తున్నారు, అది నిండా ఛార్జి అయితే 12.6 వోల్టులు, ఇరవై ముప్పై ఏళ్ల కిందటి రెగ్యులేటర్ ఆ దెబ్బకి తట్టుకుంటుందని నేను హామీ ఇవ్వలేను. వానాకాలంలో సెట్టుని సిలికా జెల్ పొట్లం పెట్టి మూత బిగుతైన డబ్బాలో ఉంచండి.

ఇక మాకు కావలసింది. దాళ్వా కోతలై కాలువలు కట్టేశాక, జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలేదాకా మన చేలన్నీ ఖాళీగానే ఉంటాయి. పొద్దున్నే, పైరగాలి లేవకముందు, కరెంటు తీగలకీ రోడ్డుకీ దూరంగా మండలానికి ఒక చోటు చూపించండి. ప్రభుత్వ స్థలమే అక్కర్లేదు, ఒప్పుకునే రైతు ఉంటే చాలు, చేలో ఏదైనా పాడైతే మేమే కట్టుకుంటాం. అక్కడ బోర్డు మేమే పాతుకుంటాం, క్లిప్పులు మేమే తెచ్చుకుంటాం. చూసేవాళ్లు ఎక్కడ నిలబడాలో తాడు కట్టి చూపిస్తాం. ఏ రోజు ఎగరేస్తున్నామో ముందే స్టేషన్‌లో చెబుతాం, అందరి పేర్లూ, ఎవరి సెట్టు ఏ ఫ్రీక్వెన్సీయో రాసిన కాగితం ఒకటి ఇస్తాం. 27 గానీ 2.4 గానీ కాని సెట్టుతో వచ్చినవాణ్ని, డబ్ల్యూపీసీ కాగితం చూపించకపోతే, మేమే వెనక్కి పంపిస్తాం. మీ పత్రిక చేయాల్సింది, ఆ రెండు వాక్యాలకి సవరణ వేయడం, దాని పక్కన ఆరు రంగులూ ఆరు అంకెలూ ఉన్న చిన్న పట్టిక అచ్చేయడం. అది కత్తిరించుకుని సెట్టు మూత లోపల అంటించుకుంటారు, పుంతకి ఇవతల ఒకడూ అవతల ఒకడూ పసుపు మీద ఉన్నామని కనీసం తెలుసుకుంటారు.

ఇట్లు,
ఒక పాత రేడియో మెకానిక్,
రాజోలు, కోనసీమ జిల్లా